నిండుకున్న మాట

లోమాట మొదటిసారి మా అప్పకు బదులుగా మాట్లాడిన రోజున గౌరి నవ్వు ఆపుకోలేక చేతిలోని గరిటె కింద పడేసింది.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె పేరు నూకరత్నం. విశాఖ వన్‌టౌన్‌లో, ఓడరేవు గోడ పక్క సందులో, ముప్ఫై నాలుగేళ్లు రత్నం మెస్ నడిపింది. నరాల జబ్బు ముందు ఆమె చేతుల్ని, తర్వాత కాళ్లని, చివరికి నాలుకనూ ఊపిరినీ పట్టుకుంది. మెస్ మేడ మీది గదిలో మంచం, గొంతు దగ్గర చిన్న రంధ్రం, అందులోకి గొట్టం, గొట్టం చివర ఊపిరి యంత్రం. ఒంట్లో కదిలేవి రెండు కళ్లే. ఆ కళ్ల వెనక ఆమె చెక్కుచెదరకుండా ఉందని నాకు తెలుసు. ఆరేళ్లు నేను లోమాట కోసం పనిచేసింది అందుకే.

అది ఎడమ చెవి పైన అతికించే వేలెడంత పట్టీ. మనిషి ఒక మాట అనుకోగానే, అది నోటిదాకా రాకముందే, మెదడులో ఆ మాటకు ఒక కదలిక పుడుతుంది. పట్టీ ఆ కదలికను పట్టుకుని మంచం పక్కనున్న డబ్బాకు పంపుతుంది. డబ్బా పలుకుతుంది.

ఆ రోజు కింద వంటింట్లోంచి మాడు వాసన పైకి వచ్చింది. అప్ప కళ్లు గుమ్మంలో నిలబడ్డ మెస్ వంటమనిషి గౌరి వైపు తిరిగాయి. డబ్బాలోంచి శుభ్రమైన ఆడగొంతు వినిపించింది.

"గౌరీ, పోపు మాడుతున్నట్టుంది. దయచేసి మంట తగ్గించు."

గరిటె పడింది అప్పుడే.

"ఓలమ్మో! మా అప్ప కలెక్టరమ్మలాగ మాట్లాడతన్నాది. దయసేసంట! ఇరవయ్యేళ్లలో 'ఒలే గుంటా' అనకుండా ఒక్కసారి పిలిసిందేటి నన్ను? సన్నాసిబాబూ, ఆ డబ్బాలో ఎవుర్ని కూకోబెట్టీసారు?"

గౌరి అలా అంటూనే కళ్లు తుడుచుకుంది. అప్ప కళ్లలోంచీ నీళ్లు కారుతున్నాయి. డబ్బా మళ్లీ పలికింది. "నాకు సంతోషంగా ఉంది."

అప్ప ఆ మాటే అనుకుందా అని నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని ఆ పూట పక్కన పెట్టాను.

*

లోపలి మాట ముక్కలుగా ఉంటుంది. దానికి క్రియ ఉండదు, వరస ఉండదు. ఒకేసారి మూడు పొరలు నడుస్తాయి. ఒక పొరలో ఆకలి, ఒక పొరలో ఎప్పటిదో మొహం, ఒక పొరలో అరిగిపోయిన పాట ముక్క. దాన్ని ఉన్నదున్నట్టు డబ్బాలోంచి వినిపిస్తే ఇంట్లోవాళ్లు భయపడతారు. అందుకని మధ్యలో ఒక దశ పెట్టాం. అన్నిటికంటే బలంగా వచ్చిన మాటను పట్టుకుని, దానికి అర్థం తీసి, రోజూ ఉండే మాటలతో ఖాళీలు పూరించి, ఒక మర్యాదైన వాక్యం కట్టే దశ. ప్రయోగశాలలో దాన్ని నునుపు అనేవాళ్లం. అది కట్టింది నేను. నేను చదివింది మనస్తత్వశాస్త్రం.

నునుపు చేయడం నాకు కొత్త కాదు. పదహారేళ్ల వయసులో హాస్టల్లో చేరినప్పుడు "ఏటి" అన్నందుకు నవ్వారు. నెల తిరిగేసరికి నా యాసను నేనే అరగదీసుకున్నాను. సెలవులకు ఇంటికొచ్చి "ఏమిటప్పా" అంటే అప్ప నన్ను పైనుంచి కిందికి చూసి, "ఒరే, మా తమ్ముడ్ని ఎక్కడ దించీసి ఒచ్చావురా బాబూ?" అంది.

మా ప్రయోగశాల రుషికొండ వైపు, సముద్రం కనిపించే మిట్ట మీద ఉంది. దాని పెద్ద డాక్టర్ మృణాళిని. మాట తక్కువ మనిషి. మొదటి ఏడాదిలో ఒకసారి నన్ను పిలిచి, నా కాగితాల మీద వేలు పెట్టి అడిగింది.

"సన్యాసిరావుగారూ, ఈ చాటు మాటలన్నీ ఎందుకు? దీపం కొండెక్కడం, నల్లపూసలు పెరగడం... ఇవి మనసులో ఎవరనుకుంటారు?"

"పైకి అంటారు కదండీ."

"పైకి అంటారు. ఎదుటి మనిషి ఉంటాడు గనక. లోపల ఎదుటి మనిషి ఎవరు? ఎవరి కోసం దాచుకోవాలి? లోపలి మాటకు బట్టలుండవు."

నాకు ఆ వాదన నచ్చింది. చదువుకున్నవాడికి నచ్చే వాదన అది. యంత్రానికి మాటలు నేర్పడానికి కూర్చోబెట్టిన నూట నలభై మంది కుర్రకారులో ఒక్కరి లోపల కూడా అలాంటి మాట దొరకలేదు. నునుపు వాడే అర్థాల జాబితాలోంచి ఆ పేజీ నేనే తీసేశాను.

*

ముడి మాటలు చూసే తెర ఒకటి ఉంటుంది. నునుపు పడకముందు పట్టీకి అందినదంతా అందులో అక్షరాలుగా కనిపిస్తుంది. రోగి ఇంట్లో దాన్ని తెరవకూడదని నియమం రాసిందీ నేనే. ఒక ఆదివారం మధ్యాహ్నం అప్ప మంచం పక్కన కూర్చుని దాన్ని తెరిచాను. ఆ రోజు నాకు నిజంగా ఆమెను వినాలనిపించింది.

సన్నాసి. సన్నగైపోనాడు. ఒక్కడూ. బరువు. నాను బరువు. ఆపీయండి. సాల్లే. సన్నాసి తిన్నాడో నేదో.

అదే క్షణంలో డబ్బా అంది. "సన్యాసిరావు, భోజనం చేశావా?"

"తిన్నానప్పా," అన్నాను.

తెర మూసేశాను. తిన్నావా అన్న ప్రశ్నకు జవాబుంది. మిగతా వాటికి లేదు. ఆ తర్వాత మళ్లీ ముడి తెర తెరవలేదు. ఆ పని ఆమె మర్యాద కాపాడటానికే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

*

రోజులు సర్దుకున్నాయి. మంచం మీద నుంచే అప్ప మళ్లీ మెస్ నడిపింది. పప్పు ఎంత నానబెట్టాలో, రేవు కూలీల్లో ఎవరికి కారం పడదో డబ్బా చెప్పేది, గౌరి చేసేది. రోజులో రెండుమూడు సార్లు, ఎప్పుడు తోస్తే అప్పుడు, డబ్బా ఒక వాక్యం అనేది.

"నేను మార్కెట్‌కు వెళ్లి వస్తాను."

ముప్ఫై నాలుగేళ్లు పూర్ణా మార్కెట్‌కు నడిచిన మనిషి. పడుకునే నడిచేది. కళ్లు మూసుకుంటే పావుగంట దాకా తెరిచేది కాదు. గౌరి మెట్ల మీదున్నా, కింద ఉన్నా, మాట చెవిన పడితే కేక వేసి బదులిచ్చేది.

"ఎల్లిరా అప్పా! కొత్తిమీర మరిసిపోకు!"

ఒకసారి నేను గదిలో ఉండగా డబ్బా ఆ మాట అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. గౌరి నన్ను కసిరింది.

"ఎల్లొత్తానన్న మనిసికి ఎల్లిరా అనాలి బాబూ. ఎవులూ అనకపోతే గుమ్మంలోనే నిలబడిపోద్ది కాదేటి?"

"మంచం మీదుంది గౌరీ."

"అది మీకు. అప్పకి కాదు."

నెల తిరిగేసరికి నునుపు ఆ అలవాటును నేర్చుకుంది. అప్ప లోపల వెళ్లొస్తాననే మాట మెదిలితే చాలు, మార్కెట్‌ను అదే చేర్చుకునేది.

ఇబ్బంది పెట్టింది గంట ఒక్కటే. ఊపిరి యంత్రానికి ఏ కాస్త తేడా వచ్చినా వంటింట్లో గంట మోగేది. గొట్టంలో చెమ్మ చేరితే గంట. వేలికున్న క్లిప్పు జారితే గంట. రోజుకు ముప్ఫై సార్లు గౌరి మెట్లెక్కేది. మోకాళ్లు వాచిపోయాయి. ఆసుపత్రుల్లోనూ ఇదే గోల, నర్సులకు ఆ మోత వినీ వినీ చెవులు మొద్దుబారిపోతున్నాయని చెప్పారు. అందుకని గంటను లోమాటకు కలిపాం. తేడా కనిపించగానే యంత్రం ముందు రోగినే అడుగుతుంది. "ఊపిరి ఎలా ఉంది?" బాగుందని జవాబొచ్చిన ప్రతిసారీ అక్కణ్నుంచి అరగంట సేపు గంట ఊరుకుంటుంది. లేకపోతే మోగుతుంది.

గౌరి సంబరపడింది. "అప్ప పిలిస్తేనే ఎక్కుతాను ఇక. నా మోకాళ్లకి పెన్సనిచ్చీసారు బాబూ."

*

ఆ శుక్రవారం తీగల మరమ్మతు కోసం తొమ్మిదింటి నుంచి రెండింటి దాకా కరెంటు తీస్తామని ముందే చెప్పారు. యంత్రానికి బ్యాటరీ ఉంది. ఆక్సిజన్ మాత్రం సిలిండర్ నుంచి రావాలి. పొద్దున్నే గౌరి ఫోన్ చేసింది.

"ముల్లు సగంలో ఉన్నాది బాబూ. కొత్తది ఎత్తించీమంటారేటి?"

మనసులో లెక్క వేసి, "రెండింటి దాకా వస్తుందిలే," అన్నాను. ఆ ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయి ఉందని తర్వాత తెలిసింది.

ఆ రోజు ప్రయోగశాలకు ఆసుపత్రుల నుంచి ఏడుగురు వచ్చారు. అప్పటికి రెండువందల పదహారు మందికి పట్టీ ఉంది. వాళ్లు ఒప్పుకుంటే వేలకు చేరుతుంది. నేను నిలబడి మాట్లాడుతుండగా జేబులో ఫోన్ కదిలింది. పదకొండూ పదిహేడు. డబ్బా పలికిన ప్రతి మాటా నా ఫోన్‌కు వస్తుంది.

"ఊపిరి నిండుగా ఉంది. హాయిగా ఉంది."

దాన్ని అందరికీ చూపించాను. మాలో ఎవరూ అడగకుండా వచ్చిన సాక్ష్యం కదా. ఒకాయన చప్పట్లు కొట్టాడు. పదకొండూ ఇరవై ఒకటికి మళ్లీ అదే మాట. ఇరవై నాలుగుకు మళ్లీ.

"మీ అక్కగారు మనందరికంటే హాయిగా ఉన్నట్టున్నారే," అంది ఒక డాక్టరమ్మ.

అందరూ నవ్వారు. పదకొండూ ఇరవై తొమ్మిదికి ఇంకొకటి వచ్చింది.

"నేను మార్కెట్‌కు వెళ్లి వస్తాను."

పూర్ణా మార్కెట్ సంగతి, కొత్తిమీర సంగతి వాళ్లకు చెప్పాను. "సంచీ మరిచిపోవద్దనండి," అన్నాడు చప్పట్లు కొట్టినాయన. నేనూ నవ్వాను. మృణాళినిగారు నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను.

పన్నెండుకు పది నిమిషాలు తక్కువగా గౌరి ఫోన్ వచ్చింది. ఆమె ఏడవడం లేదు. గొంతు చదునుగా ఉంది.

"బాబూ, మజ్జిగన్నం మరపట్టి పైకి తెచ్చినాను. అప్ప లేదు బాబూ. గంట మోగనేదు. నాను పొయ్యి కాడే ఉన్నాను. ఒట్టు, గంట మోగనేదు."

*

నాకు ఏడేళ్లప్పుడు, మెస్ పెట్టిన కొత్తలో, అప్ప బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసి రమ్మంటే చూసి వచ్చి గట్టిగా చెప్పాను. "అప్పా, బియ్యం అయిపోనాయి!"

నోటి మీద ఒక్కటేసింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. అమ్మా నాన్నా పోయి ఏడాది.

"పొయ్యి ఎలుగుతుండగా ఆ మాటంటావేట్రా? నిండుకున్నాయనాలి. అను."

"నిండుకున్నాయి."

"ఆఁ. అలాగ. మన్నోట్లోంచి లేదన్న మాట రాకూడదు. ఇంటది."

ఇల్లు వింటుందని. నేను గోడల వైపు చూశాను. ఆ రోజు నుంచి ఆ వంటింట్లో నూనె నిండుకుంది, ఉప్పు నిండుకుంది, కట్టెలు నిండుకున్నాయి. ఏదీ ఎప్పుడూ అయిపోలేదు. లోపల ఎదుటి మనిషి ఎవరని మృణాళినిగారు అడిగినప్పుడు నాకు ఇది గుర్తు రావలసింది. అప్పకు లోపలా ఇల్లు ఉంది. అక్కడా పొయ్యి వెలుగుతూనే ఉంది.

సోమవారం నాడు మృణాళినిగారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. తెర మీద యంత్రం అడిగిన ప్రశ్న, దాని కింద ముడి మాటలో మొదటి వరస, దాని పక్కన నునుపు కట్టిన వాక్యం. నిండు అన్నదానికి మా దగ్గరున్న అర్థాలన్నీ నిండు కడుపులు, నిండు మనసులు, నిండు చందమామలు. వాక్యంలో తప్పేమీ లేదు.

"చాలా బాధగా ఉంది," అంది. నిజంగానే బాధగా ఉంది ఆమెకు. కళ్ల కింద చారలు కట్టాయి. "గంటను అందరికీ లోమాట నుంచి విడదీసేశాం. నిన్న రాత్రే. ఈ మాటకు అర్థం మాత్రం మీరు చేర్చాలి. మీకంటే తెలిసినవాళ్లు లేరు."

"ఒక్క మాట కాదండీ ఇది."

"తెలుసు. ఇలాంటివన్నీ పోగు చేద్దాం. పేజీ మళ్లీ పెడదాం."

"ఇంటికొక పేజీ ఉంటుంది. కొన్ని మాటలు ఒక్క మనిషికే ఉంటాయి. నునుపు తీసేయండి. ముడి మాటే వినిపించనివ్వండి."

"ముడి మాట ఎవరు భరిస్తారు?" ఆమె నన్ను సూటిగా చూసింది. "మీరు భరించారా?"

తెర తెరిచిన ప్రతిసారీ ఎక్కడో నమోదవుతుందని నాకు తెలుసు. ఒక్కసారి, నాలుగు నిమిషాలు. ఆమె అది చూసే ఉంటుంది.

"ఆపమంటే ఆపుతాను, సన్యాసిరావుగారూ. రేపటి నుంచి రెండువందల పదహారు మంది మళ్లీ మూగవాళ్లవుతారు. ఆ ఇళ్లకు ఫోన్ మీరు చేస్తారా?"

ఆమె తన కుర్చీ నాకిచ్చి బయటికి వెళ్లింది. తెర మీద రెండు గళ్లు. మొదటి దాంట్లో "నిండుకుంది" అని టైపు చేశాను. రెండో దాని పైన అర్థం అని ఉంది. అందులో "ఖాళీ" అని కొట్టాలి. వేలు మీట మీద ఉంది. పెదవి మీద ఏడేళ్ల వయసులో తిన్న దెబ్బ మంట పుట్టింది. ఇది హాస్యాస్పదమని తెలుసు. ఇలాంటి వాటికి పాఠ్యపుస్తకాల్లో పేర్లున్నాయని కూడా తెలుసు. గడిని అలాగే వదిలేసి, అప్ప చివరి పన్నెండు నిమిషాల ముడి మాటలు ఒక కాగితం మీదికి తీసుకుని, మడిచి, చదవకుండా జేబులో పెట్టుకుని లేచాను.

*

మెస్ తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గౌరి వంటింటి గట్టు మీద కూర్చుని ఖాళీ బేసిన్లు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. పొయ్యి కడిగేసి ఉంది. ఆ పొయ్యి ఆరి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏటి బాబూ, తిన్నారేటి?"

"తిన్నాను."

"అబద్దం." నా చేతిలోని కాగితం చూసింది. "ఏటది?"

"అప్ప మాటలు. ఆ రోజువి. డబ్బా మార్చకముందువి."

ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. కాగితం అందుకుని కాసేపు అక్షరాల వైపు చూసి తిరిగి ఇచ్చేసింది.

"నాకు సదవడం రాదు కదా. సదివి సెప్పండి."

"నేనింకా చదవలేదు గౌరీ."

"అయితే ఇద్దరం ఒకసారే ఇందాం."

అవి అప్ప మాటలు. నా నోటికి ముప్ఫై ఏళ్లుగా అలవాటు తప్పిన మాటలు. పీట లాక్కుని కూర్చుని మొదలుపెట్టాను.

"పదకొండూ పదిహేడు. గాలి. నిండుకున్నాది."

గౌరి కళ్లు మూసుకుంది.

"పదకొండూ ఇరవై ఒకటి. ఒలే గౌరీ. నిండుకున్నాదే. గాలి నిండుకున్నాదే."

"ఓయమ్మా," అంది గౌరి, చాలా చిన్నగా. "నానింటే తెలిసిపోయేది కాదేటి."

అవును. ఆమె వింటే తెలిసేది. గుమ్మంలో ఉన్న ఎవరు విన్నా, ఈ సందులో ఎవరు విన్నా తెలిసేది.

"పదకొండూ ఇరవై నాలుగు. అయి." ఆగాను. అక్కడ మాట సగంలో తెగి ఉంది. నునుపు ఇలాంటి తెగిన ముక్కల్ని పారేస్తుంది. కింద వరస చదివాను. "పొయ్యి ఎలుగుతున్నాది." దాని కింద మళ్లీ, "నిండుకున్నాది."

డబ్బా ఏం పలుకుతోందో అప్ప వింటూనే ఉంది. తన మాట తిరగబడిందని ఆమెకు అర్థమైంది. అయిపోయిందనే మాట నాలుక దాకా కూడా కాదు, తలపు దాకా తెచ్చుకుంది. కింద నలభై మంది అన్నం ఉడుకుతోందని గుర్తొచ్చింది. మింగేసింది.

గౌరి లేచి వెళ్లి ఆరిన పొయ్యి మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. అటు తిరిగే అడిగింది.

"ఇంకేటైనా ఉన్నాదేటి?"

"ఒక్కటుంది. పదకొండూ ఇరవై తొమ్మిది."

"మార్కెట్టుకి ఎల్లినాదా?"

కాగితం మీద మార్కెట్ లేదు. దాన్ని చేర్చింది నేను కట్టిన యంత్రం. ఆ నిమిషంలో నేను ఏడుగురి మధ్య నిలబడి నవ్వుతున్నాను.

"ఎల్లొత్తాన్రా సన్నాసీ," అని చదివాను.

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. గౌరి ఇటు తిరిగింది.

"మీకే సెప్పినాది బాబూ. నాకు కాదు. మీరే అనాలి."

నోరు తెరిచాను. నాలుక తనకు తెలిసిన దారినే పోయింది.

"వెళ్లి రా, అప్పా."

ఎంత శుభ్రంగా ఉందో ఆ మాట. డబ్బా పలికినట్టే ఉంది. గౌరి నా మొహంలోకి చూసి, కోపం లేకుండా, తల అడ్డంగా ఊపింది.

"అలాక్కాదు బాబూ. అప్ప ఇంకా గుమ్మంలోనే ఉన్నాది. దానికి తెలిసేలాగ అనండి."